తుప్పు పట్టి బిగిసిన బ్రేకు గొట్టపు నట్లను విప్పు విధానము
పాత జీపులు, కార్లు గల రైతులకు సూచనలు

మీరు తెల్లవారుజామున వంకాయలు, టమాటాలు నింపిన బుట్టలను పాత జీపులో వేసికొని ఎఱ్ఱగడ్డ రైతుబజారునకు బయలుదేరినారనుకొనుడు. వికారాబాదు, శంకరపల్లి మీదుగా వచ్చి, హైటెక్ సిటీ దాటి, బోరబండ వద్ద వాలు దిగుచున్నారు. ముందు పోవుచున్న ఆటో ఉన్నట్టుండి ఆగినది. మీరు బ్రేకు తొక్కినారు. పెడలు మెత్తగా నేలకు అంటినది గాని బండి ఆగలేదు. చక్రము దగ్గర తుప్పు తినిన సన్నని గొట్టము ఒకటి ఆ క్షణముననే పగిలినది.

ఇట్టి ప్రమాదమునకు కారణమగు గొట్టము ఒక్కరోజులో పాడుకాదు. ఎన్నో వానకాలములు తుప్పు తినుచు వచ్చును. దానిని ముందుగా గుర్తించి మార్చవలెనన్నచో గొట్టపు నట్లను విప్పవలెను. అవి తుప్పుతో బిగిసియుండును. బలవంతముగా విప్పబోయినచో నట్టు మూలలు అరిగిపోవును, గొట్టము మెలిదిరిగి తెగును, ఒక్కొక్కప్పుడు బాగుగానున్న వీలు సిలిండరు కూడ పాడగును. ఓర్పుతో క్రమము తప్పక చేసినచో ఈ పని కష్టమైనది కాదు. ఆ క్రమము ఈ వ్యాసములో వివరింపబడినది.

పాత బండ్లలో ప్రమాదము ఎందుకు ఎక్కువ?

బ్రేకు పెడలు తొక్కినపుడు మాస్టరు సిలిండరులోని ఆయిలు ఉక్కు గొట్టముల గుండా నాలుగు చక్రములకు పోయి బ్రేకు లైనింగులను నెట్టును. ఈ గొట్టము లావు సాధారణముగా 4.75 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో పదునారవ వంతులు మూడు. దాని గోడ మందము సుమారు 0.7 మిల్లీమీటరు మాత్రమే. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. బ్రేకు గట్టిగా తొక్కినపుడు ఈ సన్నని గొట్టములో ఒత్తిడి 70 కిలోలు దాటవచ్చును. తుప్పు తినిన గోడ దీనికి నిలువదు.

పాత జీపులలోను, పాత అంబాసిడరు కార్లలోను ఒకే మాస్టరు సిలిండరు నుండి ఒకే మార్గముగా నాలుగు చక్రములకు ఆయిలు పోవును. అట్టి బండిలో ఒక్కచోట గొట్టము తెగినను నాలుగు చక్రముల బ్రేకులు పోవును. తరువాత వచ్చిన మారుతి 800 వంటి కార్లలో మార్గమును రెండు భాగములు చేసిరి. ఒకటి తెగినను రెండవది కొంత పనిచేయును. అంబాసిడరు తయారీ ఉత్తరపారలో 2014లో ఆగిపోయినది. కనుక ఇప్పుడు తిరుగుచున్న ప్రతి అంబాసిడరు పది సంవత్సరములు దాటినదే. దాని గొట్టములను ఒకసారియైనను మార్చినారో లేదో చూచుకొనుట అవసరము.

నట్లు బిగియుటకు కారణములు

ఇనుము తడికి తుప్పుగా మారునపుడు దాని పరిమాణము రెండు రెట్లకు పైగా పెరుగును. నట్టు మరలకును, అది ఎక్కిన సిలిండరు మరలకును నడుమ వెంట్రుకవాసి సందు మాత్రమే ఉండును. ఆ సందులో పుట్టిన తుప్పు పెరుగుటకు చోటులేక రెండింటిని మేకు కొట్టినట్లు బిగించివేయును.

రైతుల బండ్లకు ఈ బెడద పట్టణపు కార్లకంటె ఎక్కువ. మడిలోని బురద గొట్టముల మీద పేరుకొని రోజుల తరబడి తడిగానే ఉండును. ఎరువుల బస్తాల నుండి రాలిన పొడి, ముఖ్యముగా మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, ఒక ఉప్పే. అది గాలిలోని తేమను పీల్చి ఇనుమును త్వరగా తినివేయును. పశువుల ఎరువు తోలుట వలనను ఇట్టి నష్టమే కలుగును. సముద్రతీరపు జిల్లాలలో ఉప్పుగాలి దీనికి తోడగును.

తుప్పు రెండు చోట్ల పట్టునని గుర్తుంచుకొనుడు. మొదటిది, నట్టు మరల వద్ద. రెండవది, నట్టు నడిమి రంధ్రములో, గొట్టము దూరి వచ్చుచోట. మొదటి దానిని అందరును ఎరుగుదురు. మోసగించునది రెండవది. మరలు వదలి నట్టు తిరుగుచున్నదని మీరు సంతోషించుచుండగా, నట్టు తనతోపాటు గొట్టమును కూడ మెలిపెట్టుచుండును. అర చుట్టు తిరుగునప్పటికి గొట్టము తెగును. కాబట్టి ఈ పనిలో ముఖ్య సూత్రము ఇది: నట్టు తిరుగవలెను, గొట్టము తిరుగరాదు.

కావలసిన సామగ్రి

1. ఫ్లేరు నట్టు పానా. ఇది రింగు పానావలెనే ఉండి, గొట్టము దూరుటకు ఒకవైపు చీలికయుండును. నట్టును ఐదు ముఖముల మీద పట్టును. మామూలు నోరు పానా రెండు ముఖములనే పట్టును గనుక మూలలు అరుగును. ఇంగ్లీషు కొలతల పాత బండ్లకు తరచుగా అంగుళములో పదునారవ వంతులు ఏడు సైజు, తరువాతి బండ్లకు 10 లేక 11 మిల్లీమీటర్ల సైజు కావలెను. పానా నట్టుపై వదులు లేకుండ కూర్చుండవలెను.
2. ఇనుప తీగల బ్రష్షు, చిన్న సుత్తి, వైస్ గ్రిప్పు పట్టుకారు, హాక్‌సా బ్లేడు.
3. తుప్పు వదలించు పలుచని నూనె. ఇది దొరకనిచో డీజిలుగాని కిరసనాయిలుగాని వాడవచ్చును. పని నెమ్మదిగా జరుగును.
4. సీలు విప్పని కొత్త బ్రేకు ఆయిలు సీసా, గాలి తీయుటకు సన్నని పారదర్శకపు గొట్టము, గాజు సీసా.
5. జాకీ, రెండు బలమైన ఇనుప స్టాండ్లు, చక్రములకు అడ్డుపెట్టుటకు కొయ్య దిమ్మెలు.
6. శుభ్రమైన గుడ్డలు, కండ్లద్దములు.

కొత్త గొట్టము, కొత్త నట్లు దొరకునని నిశ్చయించుకొనకుండ పాతవానిని కదలింపకుడు. సంతకు పోవు ముందురోజు సాయంత్రము ఈ పని మొదలుపెట్టకుడు.

ముందు జాగ్రత్తలు

బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, ఎత్తని చక్రములకు ముందు వెనుకల దిమ్మెలు పెట్టుడు. జాకీతో ఎత్తి, స్టాండ్లపై దింపిన పిమ్మటనే క్రిందికి దూరవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. ఇటుకలపై బండిని నిలుపుట ప్రాణాపాయము. ఇటుక హెచ్చరిక లేకుండ పగులును.

బ్రేకు ఆయిలు కంటిలో పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునికి చూపవలెను. రంగుపై పడినచో రంగు లేచిపోవును. నీళ్లు పోసి కడిగినచో పోవును. పాత లైనింగుల దుమ్ములో రాతినార ఉండవచ్చును. దానిని నోటితోగాని పంపుతోగాని ఊదక, తడిగుడ్డతో తుడిచి పారవేయవలెను.

విప్పు క్రమము

మొదటి పని: కడుగుట. బురదను నీటితో కడిగి ఆరనిండు. నట్టును, దాని వెనుకనున్న గొట్టమును ఇనుప బ్రష్షుతో మెరయునట్లు రుద్దుడు. ఇట్లు రుద్దునపుడే గొట్టము స్థితి తెలియును. పైపైన ఎర్రగా నుండి, రుద్దిన పిదప నునుపుగా కనిపించినచో గొట్టము ఇంకను పనికివచ్చును. గుంటలు పడియుండిననుగాని, పొరలు పొరలుగా ఊడివచ్చుచుండిననుగాని దానికి ఆయువు తీరినదని గ్రహింపుడు.

రెండవ పని: నూనె పట్టించుట. నట్టు సిలిండరులోనికి దూరుచోట కొన్ని చుక్కలు, గొట్టము నట్టులోనికి దూరుచోట కొన్ని చుక్కలు వేయుడు. ఈ రెండవ చోటును చాలమంది మరచెదరు. సాయంత్రము ఒకసారి, పడుకొనుటకు ముందు ఒకసారి, తెల్లవారి ఒకసారి వేసినచో నూనె లోనికి ఇంకును. ఎండిన విత్తనమునకు తడి అందుటకు ఒక రాత్రి పట్టినట్లే, తుప్పులోనికి నూనె దిగుటకు కూడ వ్యవధి కావలెను. ఆ రాత్రి ఊరక పోదు.

మూడవ పని: తట్టుట. చిన్న సుత్తితో నట్టు ముఖములపై తేలికగా చుట్టును తట్టుడు. ఆ అదురునకు తుప్పు పొర చిట్లి నూనెకు దారి ఏర్పడును. గొట్టముపై దెబ్బ పడనీయకుడు.

నాల్గవ పని: గీత గీయుట. సుద్దతోగాని తెల్లరంగుతోగాని నట్టు మీదనుండి గొట్టము మీదికి ఒకే తిన్నని గీత గీయుడు. నట్టు తిరిగినపుడు నట్టుపై గీత జరిగి, గొట్టముపై గీత కదలక నిలువవలెను. రెండును కలిసి జరిగినచో గొట్టము మెలిపడుచున్నదని అర్థము. వెంటనే ఆపవలెను.

ఐదవ పని: కదలించుట. ఫ్లేరు నట్టు పానాను నిండుగా కూర్చుండబెట్టుడు. ముందుగా విప్పుటకు కాక, బిగించువైపునకు వెంట్రుకవాసి కదలింపుడు. తుప్పు పట్టు అప్పుడు తెగును. పిమ్మట విప్పువైపునకు త్రిప్పుడు. కొద్దిగా వదలినచో మరల వెనుకకు, మరల ముందుకు, మధ్య మధ్య నూనె చుక్కలు వేయుచు కదలించుచుండుడు. ఒక్కసారిగా గుంజుటకంటె పదిసార్లు కదలించుట మేలు. పానాకు పొడవైన పైపు తగిలించి బలము పెంచుట ఈ సన్ననట్లకు పనికిరాదు.

నట్టు రబ్బరు హోసు చివరకు ఎక్కియున్నచో, హోసు చివరనున్న ఇనుప ముఖములను మరియొక పానాతో కదలకుండ పట్టి, నట్టును మాత్రమే త్రిప్పవలెను. మెలిపడిన హోసు పైకి బాగుగా కనిపించుచునే లోపల చీలియుండవచ్చును.

నట్టు వదలుటకు సిద్ధమైన పిమ్మట ఒక ఉపాయము చేయవచ్చును. బ్రేకు పెడలును ఒక అంగుళము క్రిందికి నొక్కి, సీటుకు కర్ర ఆనించి అట్లే నిలుపుడు. మాస్టరు సిలిండరులోని రంధ్రము మూసికొనును గనుక డబ్బాలోని ఆయిలంతయు కారిపోదు. అట్లు చేసినపుడు వెనుక బ్రేకు దీపములు వెలుగుచునే ఉండును. కనుక బ్యాటరీ తీగ తీసివేయుడు.

నట్టు వదలనిచో

మూలలు అరిగిపోయినను, గొట్టము నట్టుతో కలిసి తిరుగుచున్నను ఒక నిర్ణయము చేయవలెను. చాలమంది గొట్టమును దక్కించుకొనవలెనని గంటల తరబడి పెనుగులాడి, తుదకు సిలిండరును కూడ పాడుచేయుదురు. నట్టుతో కలిసిపోవునంతగా తుప్పు పట్టిన గొట్టము దక్కినను మరల వాడదగినది కాదు. బండిలో చౌకయైన వస్తువులలో అదొకటి. దానిని పోనిండు. దక్కించుకొనవలసినది సిలిండరు, హోసు, మీ ప్రాణము.

అట్లు నిర్ణయించినచో పని సులువగును. నట్టు వెనుకనే గొట్టమును హాక్‌సా బ్లేడుతో కోసివేయుడు. ఇప్పుడు నట్టుపైకి ఆరు మూలల సాకెట్టు నిండుగా ఎక్కును. అది ఆరు ముఖములను పట్టును గనుక జారదు. మూలలు ముందే అరిగియున్నచో వైస్ గ్రిప్పును మిక్కిలి బిగువుగా పట్టించి త్రిప్పుడు. వైస్ గ్రిప్పు జారినకొలది నట్టు గుండ్రనగును. కాబట్టి మొదటి పట్టే గట్టిగా ఉండవలెను.

మంట పెట్టి వేడిచేయుట మెకానిక్ షెడ్లలో చూచియుందురు. ఇంటివద్ద ఆ పని చేయకుడు. బ్రేకు ఆయిలు మండును. మూసియున్న గొట్టములోని ఆయిలు వేడికి మరిగి ఒక్కసారిగా చిమ్మును. సిలిండరులోని రబ్బరు వాషర్లు, దగ్గరనున్న హోసు చెడిపోవును. పెట్రోలు ట్యాంకు కూడ దూరమున ఉండదు. తప్పనిసరియైనచో సిలిండరును బండినుండి పూర్తిగా ఊడదీసి, ఆయిలును, రబ్బరును తీసివేసి, షెడ్డులో చేయించవలెను.

గాలి తీయు నిపుల్ విషయములోను ఇవే జాగ్రత్తలు పాటింపుడు. అది సన్నని బోలు మర. లోపల తెగినచో డ్రిల్లుతో తీయబోవుటకంటె వీలు సిలిండరును మార్చుట క్షేమము.

కొత్త గొట్టము అమర్చుట

పాత గొట్టమును ముక్కలైనను పారవేయక, నట్లతో సహా దుకాణమునకు తీసికొనిపొండు. మూడు సంగతులు సరిపోవలెను: గొట్టము లావు, నట్టు మర, గొట్టము మూతి ఆకారము. ఇంగ్లీషు కొలత మరయు, 10 మిల్లీమీటర్ల మరయు చూపునకు ఒకేరీతిగా ఉండును గాని ఒకదానిలో మరియొకటి సరిగా ఎక్కదు. కొత్త నట్టు వ్రేళ్లతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కవలెను. ఎక్కనిచో అది సరియైన నట్టు కాదు, లేదా వంకరగా ఎక్కుచున్నది. పానాతో బలవంతపెట్టకుడు.

మూతిని గొడుగువలె విప్పి మరల లోనికి మడచుటను ఫ్లేరింగు అందురు. కొన్ని బండ్లలో మూతి బుడగ ఆకారములో నుండును. ఏ బండికి ఏది ఉన్నదో దానినే చేయించవలెను. మూతి చేయుటకు ముందే నట్టును గొట్టమునకు తొడుగవలెను. ఇది మరచి మూతి అంతయు చక్కగా చేసిన పిదప నట్టు చేతిలో మిగిలినవారు ఎందరో కలరు.

స్టవ్వులకు వాడు సాదా రాగి గొట్టమును బ్రేకులకు వాడరాదు. అది అదురునకు బీటలు వారును. రాగి, నికెలు కలిపిన బ్రేకు గొట్టము వేరు. అది తుప్పు పట్టదు, బ్రేకులకు తగినది. తెగినచోట రబ్బరు ట్యూబు తొడిగి క్లిప్పు వేయుట, అతుకు వేయుట, నట్టుకు దారము చుట్టుట ఏవియు పనికిరావు. బిగువు నిచ్చునది దారము కాదు, గొట్టపు మూతి.

బిగించునపుడు సుమారు ఒకటిన్నర కిలోగ్రాము మీటరు బలము చాలును. అనగా పదునైదు సెంటీమీటర్ల పొడవుగల పానా చివర పది కిలోల లాగు. అంతకు మించినచో మూతి నలుగును. గొట్టము చక్రమునకుగాని, సైలెన్సరుకుగాని తగులకుండ పాత క్లిప్పులలోనే అమర్చవలెను.

గాలి తీయుట, పరీక్షించుట

మార్గములో గాలి చేరినచో పెడలు స్పంజివలె నొక్కుకొనును. కనుక ఇద్దరు కూడి గాలి తీయవలెను. ఒకే మార్గముగల బండిలో మాస్టరు సిలిండరునకు దూరముగానున్న చక్రముతో మొదలుపెట్టవలెను. మన బండ్లలో అది సాధారణముగా వెనుక ఎడమ చక్రము. తరువాత వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. రెండు మార్గముల బండ్లకు ఆ బండి పుస్తకములోని క్రమము పాటింపుడు.

నిపుల్‌కు పారదర్శకపు గొట్టము తొడిగి, రెండవ చివరను కొంత ఆయిలు పోసిన సీసాలో ముంచుడు. ఒకరు పెడలును నొక్కిపట్టవలెను. రెండవవారు నిపుల్ వదలి, ఆయిలు వచ్చిన పిదప మూయవలెను. మూసిన తరువాతనే పెడలు వదలవలెను. బుడగలు రాకుండ పోవువరకు ఇట్లు చేయుడు. డబ్బాలో ఆయిలు తగ్గనీయకుడు. సీసాలో పడిన ఆయిలును మరల పోయరాదు.

పని ముగిసిన పిదప పెడలును శక్తికొలది నొక్కి ఒక నిమిషము పట్టుడు. అది మెల్లగా దిగిపోరాదు. రెండవవారు ప్రతి నట్టును పొడిగుడ్డతో తుడిచి తడి ఉన్నదేమో చూడవలెను. తరువాత మనుషులు లేని మైదానములో నెమ్మదిగా నడిపి, పలుమారులు బ్రేకు వేసి చూచి, మరల నట్లను పరీక్షింపుడు. పెడలు మెత్తగానున్నను, ఒక్క చుక్క కారినను బండిని రోడ్డుపైకి తేరాదు. మెకానిక్‌ను ఇంటికి పిలిపించవలెనుగాని ఆ బండిని షెడ్డుకు నడుపుకొని పోరాదు.

మరల తుప్పు పట్టకుండుటకు

ఎరువులు తోలిన రోజుననే బండి అడుగుభాగమును మంచినీటితో కడుగుడు. బిగించిన నట్లపైనను, వాని వెనుక గొట్టముపైనను పలుచగా గ్రీజు పూయుడు. రబ్బరు హోసుకు గ్రీజు తగులనీయకుడు. మార్గము లోపలికి ఇంజను ఆయిలుగాని, కిరసనాయిలుగాని ఒక్క చుక్కయు పోరాదు. రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులు పట్టివేయును.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమ గొట్టమును లోపలినుండి తుప్పు పట్టించును. అంతేకాదు, డాట్ 3 రకపు కొత్త ఆయిలు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగకుండ ఉండవలెను. తేమ పీల్చిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చును. అనంతగిరి వంటి కొండదారిలో బరువుతో దిగునపుడు వేడెక్కిన ఆయిలు మరిగి ఆవిరియైనచో, గొట్టము బాగుగానున్నను బ్రేకు పనిచేయదు. కాబట్టి రెండు సంవత్సరముల కొకసారి ఆయిలు మార్చవలెను. విప్పిన సీసాలో మిగిలిన ఆయిలును నెలల తరబడి దాచి వాడరాదు.

సంవత్సరమునకు రెండుసార్లు, మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి, బండి క్రింద దూరి గొట్టములను చివరినుండి చివరివరకు చూడుడు. విత్తనము వేయుటకు ముందు గొర్రును, నాగలిని సరిచూచుకొనుట మనకు అలవాటే. మీ కుటుంబమును, మీ పంటను మోయు బండికి కూడ అంతటి శ్రద్ధ చూపుడు. తుప్పు కనిపించిన రోజుననే నూనె చుక్కలు వేసి పని మొదలుపెట్టినచో మీకు ఒక రాత్రి, ఒక పగలు పట్టును. బోరబండ వాలులో పెడలు నేలకు అంటిన తరువాత చేయగలిగినది ఏమియు ఉండదు.